మడి కట్టుకున్న వాఫిల్

మొన్న ఆదివారం సాయంత్రం మా కోడలు వాఫిల్ మిషన్ మూత తెరిచేసరికి గుప్పుమన్న వాసన వంటింటి గడప దాటి హాల్లోకి వచ్చింది. దీపారాధనకి ఒత్తులు చేసుకుంటూ కూర్చున్న నేను చేతిలో పత్తి పక్కన పెట్టి వంటింటి వైపు తిరిగాను. మిషనేమో ఈమధ్య కొన్నది, దాని పేరేమో ఇప్పటికీ నా నోరు సరిగ్గా తిరగనిది, వాసన మాత్రం అచ్చంగా మా మామ్మ శనివారం రొట్టెది. నువ్వుల నూనెలో మినప్పిండి ఎర్రగా కాలేటప్పుడు వచ్చే ఆ కమ్మదనం నా ఈడు వాళ్ళకి మాటతో చెప్పినా అందుతుంది, ఈ కాలం పిల్లలకి మాత్రం చేసి పెడితే గానీ తెలియదు.

మాది పెనుగొండ. వీధి వైపు నాన్నగారి కిరాణా కొట్టు, దాని వెనక మా ఇల్లు, ఇంటికి చివర మా మామ్మ మడి వంటగది. మామ్మంటే నాన్నగారి తల్లి. ఆవిడ తెల్లవారకుండానే నూతి దగ్గర స్నానం చేసి, ముందురోజు ఎవరూ తాకకుండా దండెం మీద ఆరేసుకున్న చీర కర్రతో దింపుకుని కట్టుకుందంటే, ఇక వంట ముగించి తాను తినేదాకా మాలో ఎవరి గాలీ ఆవిడకి సోకకూడదు. చంటిపిల్లలైనా, బడి నుంచి వచ్చిన మేమైనా, కొట్లోంచి దాహం దాహం అంటూ వచ్చిన నాన్నగారైనా అందరం గడప అవతలే. ఎవరైనా మరిచిపోయి కాలు లోపల పెడితే, "అక్కడే ఆగవే, తగిలావంటే నాకు మళ్ళీ తలస్నానం" అని కేక వేసేది. మేము ఆవిడ వెనకాల ఆ మాటనే గొంతు మార్చి అనుకుని నవ్వుకునేవాళ్ళం.

శనివారం రాత్రి మామ్మ అన్నం ముట్టదు, ఫలహారమే. పొద్దున్నే మినపప్పు నానబోసి, మధ్యాహ్నం రుబ్బురోట్లో చాలీచాలని నీళ్ళు చిలకరిస్తూ గట్టిగా రుబ్బి, కడిగి పిండిన బియ్యపు రవ్వా జీలకర్రా ఉప్పూ కలిపి, మందపాటి మూకుడులో నువ్వుల నూనె పోసి ఆ పిండినంతా ఒక్కసారిగా దిబ్బగా వేసేది. పైన మూత పెట్టి, ఆ మూత మీద కుంపట్లోంచి తీసిన నిప్పులు పేర్చేది. కిందా నిప్పు, పైనా నిప్పు, మధ్యలో రొట్టె. ఆవిరి రావడం ఆగేదాకా మూత తియ్యడానికి లేదు, తీస్తే రొట్టె మూకుడుకే అతుక్కుపోయి ముక్కలుగా వస్తుంది. దాని మీదకి చెరకు పానకం ఉండాలి. బెల్లం వండేచోట పాకం గట్టిపడకముందే కుండల్లోకి తీసిన ఆ ఎర్రటి పానకం మా కొట్లోనే దొరికేది, చలికాలమైతే గడ్డకట్టి గరిటెకి రాదు, కుండని కాసేపు ఎండలో పెట్టాల్సి వచ్చేది. వాఫిల్ మీద పోసుకునే సీసాలో పాకం కూడా ఎక్కడిదో ఒక చెట్టు నుంచి తీసిందేనట, మా కోడలు సీసా మీద చదివి చెప్పినప్పుడు ఏ దేశం వాళ్ళైనా రొట్టె మీద పానకం దగ్గరికే చేరారన్న మాట అనుకున్నాను.

నాకు ఊహ తెలిశాక మామ్మ చేతికి సాయం కావాల్సి వచ్చింది. ఇంట్లో అంతమంది ఆడపిల్లలుండగా నన్నే ఎంచుకుంది. స్నానం చేయించి, మడికి పనికొస్తుందని పట్టు పరికిణీ కట్టించి, ఎవరికీ అడుగుపెట్టే హక్కు లేని ఆ గదిలోకి నన్ను రానిచ్చిన మొదటి రోజున నేను పడ్డ గర్వం అంతా ఇంతా కాదు. గడప అవతల నిలబడి చూస్తున్న అక్కల వైపు కావాలని ఒకసారి చూశాను కూడా. అక్కడ నేను నేర్చుకున్నది వంట కన్నా జాగ్రత్త. ఒక గిన్నెలో పెట్టిన గరిటె ఇంకో గిన్నెలో పెట్టకూడదు, బయటి చేట లోపలికి రాకూడదు, గింజలు చేటలో పోసి వేలితో ఒక్కొక్కటీ తప్పించి చూసి, కడిగి, మడి బట్ట మీద ఆరబోసి గానీ రోట్లో వెయ్యకూడదు. సొంత కొడుకు కొట్టు నడుపుతున్నా, ఆ కొట్లోంచి వచ్చిన ఏ పొడినీ మామ్మ వాడేది కాదు, చివరికి ఇంగువని కూడా. నాన్నగారు నొచ్చుకుని అడిగితే, "గింజయితే కడుక్కుంటాను, పొడినేం కడగనురా?" అనేది. కొట్లో సరుకు కొనడానికి వచ్చినవాళ్ళు వింటారేమోనని నాన్నగారు తలుపు దగ్గరగా వేసేవారు.

అదంతా గొప్పే అని నేననను. పక్కనే ఉన్న సిద్ధాంతం అనే ఊరి వైపు నుంచి గోదావరి చేపలు తెచ్చి అమ్ముకునే ఇంటి పిల్ల ఒకతి బడిలో నా పక్కనే కూర్చునేది, సాయంత్రం నాతో ఇంటికి వస్తే మామ్మ రొట్టె ముక్కని ఆకులో పెట్టి, ఆ ఆకుని అరుగు చివర దించి వెనక్కి జరిగేది. ఆ పిల్ల వంగి తీసుకునేది. అప్పుడు మా ఇద్దరికీ అది మామూలుగానే అనిపించింది, పెద్దయ్యాక తలుచుకుంటే నాకు కష్టంగా ఉంటుంది. పెళ్ళయ్యాక నా ఇంట్లో మడి పెట్టుకోలేదు, అది మామ్మతోనే పోయిందనుకున్నాను.

ఇప్పుడు మేము ఉండేది రాజమండ్రిలో, కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగస్తులు, ఇంటికి ఒక్కతే మనవరాలు. నిరుడు ఆ పిల్ల తిన్నదల్లా పడక, కడుపు నొప్పితో మెలికలు తిరుగుతూ, ఒంట్లో కండన్నది లేకుండా పుల్లలా అయిపోయింది. పరీక్షలన్నీ చేశాక డాక్టరమ్మగారు, గోధుమలో ఉండే గ్లూటెన్ అనే పదార్థం ఈ పిల్ల పేగులకి సరిపడదు, చపాతీ, మైదా, బొంబాయి రవ్వ, బార్లీ ఇక ముట్టకూడదు అని చెప్పారు. అన్నం తినే ఊళ్ళో ఇదేం కష్టం అని మేము తేలిగ్గానే ఊపిరి పీల్చుకున్నాం. అన్నీ మానిపించినా నొప్పి మానలేదు. మళ్ళీ తీసుకెళ్తే ఆవిడ ఓపిగ్గా అడిగి, "తినకపోతే సరిపోదండీ, తగలకూడదు కూడా. అదే పెనం, అదే జల్లెడ, గోధుమలు ఆడిన మరలోనే ఆడించిన పిండి, ఏదైనా చాలు" అన్నారు. అబ్బాయికీ కోడలికీ ఆ మాట కొత్త. నాకు మాత్రం ఆవిడ చెప్పింది అక్షరం అక్షరం అర్థమైంది, ఆ డాక్టరమ్మగారు మాకు మడి చెబుతున్నారు.

ఆ రోజే వంటింటిని రెండు చేశాను. కిటికీ వైపు గట్టు మనవరాలిది, దాని మీదకి కొత్త పెనం, కొత్త జల్లెడ, కొత్త మిక్సీ జారు, వేరే చేట, వేరే గుడ్డలు. చెక్క గరిటెలన్నీ పారేయించాను, చెక్క తిన్నదాన్ని వదలదని మామ్మ వాటిని మడిలోకి రానిచ్చేది కాదు. మరకి పంపడం మానేసి గింజలే కొని, చేటలో పోసుకుని చూస్తే పొట్టు మినుముల్లో గోధుమ గింజలు నిజంగానే కనిపించాయి. అవి ఏరి కోడలి అరచేతిలో పెట్టాను. మా వారు షుగరు కోసం రాత్రిళ్ళు చపాతీ తినే మనిషి, ఆయన పెనాన్నీ పిండి డబ్బానీ వెనక బాల్కనీలోకి పంపేశాను. "ఏంటే, నా ఇంట్లో నన్నే వెలేశావు?" అన్నారు గానీ, ఆ రోజు నుంచి చపాతీ తిని చేతులు సబ్బుతో కడుక్కోకుండా మనవరాలిని దగ్గరికి తీసుకోలేదు.

నొప్పి తగ్గింది గానీ పిల్లకి భయం పోలేదు. ఏ ముద్దా మా ముఖాల వైపు చూడకుండా నోట్లో పెట్టుకునేది కాదు, మేము తలూపితేనే నమిలేది. ఎవరింట్లోనైనా పుట్టినరోజుకి పిలిస్తే తన డబ్బా తాను పట్టుకెళ్ళి ఒక మూల కూర్చుని తిని వచ్చేది. ఒకసారి స్నేహితులంతా వాఫిల్ దుకాణంలో తింటుంటే తాను పక్కన కూర్చుని చూసి వచ్చి, ఆ గళ్ళు గళ్ళుగా ఉండేదాన్ని వేలితో బల్ల మీద గీసి నాకు చూపించింది. కోడలు మర్నాడే మిషన్ తెప్పించింది. గ్లూటెన్ లేని పిండి అని ఆన్‌లైన్లో కొన్న పొట్లంతో చేస్తే ఒకసారి రబ్బరులా సాగింది, ఇంకోసారి ఇసకలా రాలింది. గుడ్డు వేస్తే గానీ కుదరదని ఫోన్లో వీడియోలు చెప్పాయి, మా ఇంట్లో గుడ్డు వండరు.

మిషన్ని నేను అటూ ఇటూ తిప్పి చూశాను. కింద వేడి, పైన వేడి, మధ్యలో పిండి. ఇది మామ్మ మూకుడే కదా అనిపించింది, మూత మీద నిప్పులకి బదులు కరెంటు. పిల్లకి కండ పట్టాలి, ప్రోటీన్ ఎక్కువుండాలని కోడలు పట్టుబట్టింది, ఆ లెక్క నాకు రాదు, ఫోన్లో చూసి తనే రవ్వ తగ్గించి పెసరపప్పు చేర్పించింది, వేయించిన వేరుసెనగపప్పు కొట్టి కలిపింది. రుబ్బడం నాది, గట్టిగా, చేత్తో తీస్తే జారకుండా. మినప్పిండి దానంతట అదే పొంగింది, గుడ్డు ఊసే అక్కరలేకపోయింది. ఆవిరి ఆగేదాకా మూత తియ్యొద్దని కోడలి చెయ్యి పట్టుకుని ఆపాను. తీసేసరికి అంచులు కరకరలాడుతూ, గళ్ళు గళ్ళుగా, ఎర్రగా వచ్చింది. మనవరాలు రెండు తింది.

మర్నాడు మళ్ళీ నొప్పి. బడి మానేసి ముడుచుకుని పడుకుంది. ఇక ఇంట్లో చేసిందైనా తిననని మొండికేస్తే కోడలు గోడ వైపు తిరిగి ఏడ్చింది. నేను ఆ కిటికీ గట్టు మీది డబ్బాలన్నీ నేల మీద దించుకుని కూర్చున్నాను. మినపప్పు నేనే ఏరాను, పెసరపప్పు నేనే కడిగాను, వేరుసెనగపప్పు ఇంట్లో వేయించిందే, నూనె గానుగది, జీలకర్ర గింజ. చివరికి మా పప్పులోకి వాడుకునే ఇంగువ డబ్బా చేతిలోకి తీసుకున్నాను, పిల్ల వంటలో అంతకుముందు ఎప్పుడూ వెయ్యనిది ఆ రోజు రుచి కోసం నేనే చిటికెడు వేశాను. పొడినేం కడగనురా అన్న మామ్మ మాట చెవిలో పడ్డట్టైంది. కళ్ళజోడు పెట్టుకుని డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివితే, ఇంగువ కన్నా ముందు మైదా పేరుంది. ఇంగువ లేని పప్పు నా నోటికి సహించదు, అయినా ఆ డబ్బా ఆ పూటే చెత్తలోకి పోయింది.

తరవాత వారం ఇంగువ లేకుండా మళ్ళీ చేశాం. ఈసారి ఏమీ కాలేదు. ఆ మాట నమ్మడానికి మాకు ఇంకా చాలా వారాలు పట్టింది, పిల్లకి ఇంకా ఎక్కువ పట్టింది. మొన్న తన పుట్టినరోజు దగ్గర పడుతుంటే, "నాకేమీ వద్దు నానమ్మా. అందరూ కేకు తింటారు, నేను డబ్బా పట్టుకుని కూర్చోవాలి" అంది. ఇంటికి కేకు రాదని, వచ్చిన వాళ్ళందరికీ నీ వాఫిలేనని కోడలు చెప్పింది. పిల్లలకి నచ్చకపోతే తన కూతురు మరీ చిన్నబోతుందని తనకీ దిగులే, నాకు మాత్రం మామ్మ రొట్టె మీద నమ్మకం ఉంది.

అదే మొన్నటి ఆదివారం. స్నేహితులంతా వచ్చి, చేతులు కడుక్కుని, హాల్లో చాప మీద వరసగా కూర్చున్నారు. కోడలు వేడి వేడిగా తీసి వడ్డిస్తోంది, నేను వెనకాలే పానకం పోస్తున్నాను, మా వారు ఎవరూ అడగకుండానే మంచినీళ్ళు అందిస్తున్నారు. నడుమ కూర్చున్న మా మనవరాలి పక్కనున్న పిల్ల తనది అయిపోయిందని దీని పళ్ళెంలోంచి ముక్క తుంచుకుంది, ఇది ఆ పిల్ల పళ్ళెంలో మిగిలిన పానకంలో తన ముక్క ముంచుకుంది. "ఆంటీ, ఇంకోటి వెయ్యండి" అని ఆ చివర నుంచి ఎవరో అంటున్నారు. నేను అలవాటు కొద్దీ తలూపుదామని మనవరాలి ముఖం వైపు చూశాను. అది నా వైపు చూడలేదు. కబుర్లు చెప్పుకుంటూ తింటోంది.

నా మనసు నిండిపోయింది, దాచుకోవడం ఎందుకు, గర్వంతోనే నిండిపోయింది. నా కోడల్ని చూసుకుని గర్వం, ఇంత చిన్నతనంలో నోరు కట్టుకున్న మా పిల్లని చూసుకుని గర్వం, నాకు జాగ్రత్త నేర్పిన మామ్మని తలుచుకుని గర్వం. ఆవిడ అంత కష్టపడి రొట్టె కాల్చి, మా అందరికీ గడప మీద నుంచి పంచి, ఆ గదిలో గోడ వైపు తిరిగి ఒక్కతే కూర్చుని తినేది. మాతో వరసలో కూర్చుని తిన్న రోజు నాకు ఒక్కటీ గుర్తు లేదు. ఆవిడ మడి ఎవరూ దగ్గరికి రాకుండా ఉండడానికి, మా మడి ఈ పిల్ల అందరి పక్కనా కూర్చోవడానికి. కాలం ఇంత మారాక ఆవిడ ఉండి ఉంటే, ఆ చాప మీద మనవరాలి పక్కన కాస్త చోటు చేసి కూర్చోబెట్టి, ముందు ఆవిడకే వడ్డించేదాన్ని.