మాస్టారి క్యాసెట్ మీద నా పాట

పాతికేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు, కన్నకూతురికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. చేసిన పాపం చెప్పుకుంటే పోతుందంటారు. అంత ఆశ నాకు లేదు. ఇక దాచలేక చెబుతున్నాను, అంతే.

మాది కొల్లేటిలో ఒక లంక గ్రామం. ఏలూరులో డిగ్రీ చదివేటప్పుడు ఒక మాస్టారి దగ్గర పాట నేర్చుకునేదాన్ని. రైల్వేలో చేసి రిటైరయ్యారు. భార్య పోయాక ఒంటరిగా ఉండేవారు. పాటలో నవ్వు ఎలా పలకాలో వినమని ఒకసారి నాకో క్యాసెట్ ఇచ్చారు. పద్దెనిమిదో శతాబ్దపు ఇటలీ హాస్య గేయనాటిక. పెద్ద నాటకంలో అంకానికీ అంకానికీ మధ్య, జనం విసుగెత్తకుండా ఆడే చిన్న ముక్కట. ఇద్దరే పాడతారు, ఒకళ్లనొకళ్లు దెప్పుకుంటూ. రికార్డు ప్లేయరు ముందు టేప్‌రికార్డరు పెట్టి ఎక్కించుకున్నారట. అందుకే చివర్లో ఎవరో ఆడమనిషి పకపకా నవ్వడం కూడా వినిపించేది.

విన్నాను. నచ్చింది కూడా. అయినా ఏం చేశానో చూడండి.

తాడేపల్లిగూడెంలో పాటల పోటీ. ముందు క్యాసెట్ పంపాలి. మా ఇంట్లోవన్నీ అరిగిపోయి గరగరలాడేవి. మాస్టారిది ఫారిన్ క్యాసెట్. అందులో నా గొంతు బంగారంలా పలుకుతుందని కక్కుర్తి పడ్డాను. మళ్లీ రికార్డు కాకుండా పైనున్న ప్లాస్టిక్ ముక్క ఆయన విరిచేసి ఉంచారు. ఆ కన్నం మూస్తే మళ్లీ ఎక్కుతుందని అప్పట్లో అందరికీ తెలుసు. కాగితం ముక్కను అన్నం మెతుకుతో అంటించాను. పొరపాటని ఎలా అనను? మెతుకు మెదిపింది ఈ వేళ్లే కదా!

దాని మీదే పాడి విని చూసుకుంటే శ్రుతి తప్పింది. పోటీకి పంపనే లేదు.

ఆ నెలలోనే కొల్లేరు పొంగింది. నీళ్లు మా వీధిలోకొచ్చాయి గానీ అరుగు ఎక్కలేదు. కానీ మా కొల్లేటివాళ్లకి ఏది పోయినా నీళ్ల మీదకు నెట్టేయడం అలవాటు. కాలేజీ ఎగ్గొట్టినా నీళ్లే, పెళ్లికి వెళ్లకపోయినా నీళ్లే. ఎవరూ తరచి అడగరు.

"ఇంట్లోకి నీళ్లొచ్చేశాయండి మాస్టారూ. మీ క్యాసెట్ కొట్టుకుపోయిందండి," అన్నాను.

ఆయన గబుక్కున లేచారు. "అయ్యో! మీరంతా బాగానే ఉన్నారా అమ్మా?"

"ఉన్నామండి."

"అంతే చాలు. పోతే పోయిందిలే. చివర్లో నవ్వింది మా ఆవిడమ్మా. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు."

లోపలికెళ్లి రెండు దుప్పట్లు తెచ్చి నా చేతుల్లో పెట్టారు. తీసుకున్నాను. సిగ్గులేకుండా తీసుకున్నాను.

ఇంటికెళ్లి టేప్ పెట్టాను. టేపు సగానికే నా పాట అయిపోయింది. తర్వాత ఆ ఇటలీవాళ్లు మళ్లీ అందుకున్నారు. చివర ఆవిడ నవ్వు చెక్కుచెదరకుండా ఉంది.

మర్నాడే బస్సెక్కి ఇచ్చేయొచ్చు. ఎందుకివ్వలేదు? కోప్పడతారనా? ఆయనకు కోపమే రాదండీ. కానీ ఆ నవ్వు దాకా రావాలంటే ఆయన మొదట నా పాట వినాలి, అప్పుడు నా అబద్ధమూ నా అపశ్రుతీ రెండూ బయటపడతాయి. ఆ రెంటిలో అపశ్రుతికే ఎక్కువ సిగ్గుపడ్డాను. ఛీ, నేనూ ఒక మనిషినేనా?

ఆ తర్వాత ఆయన ఆరేళ్లు బతికారు. వారం వారం వెళ్లి ఎదురుగా కూర్చుని పాడాను. ఆవిడ నవ్వు మా బీరువాలో ఉంది. ఒక్కసారి వినిపించి ఉంటే ఆ ముసలాయన ఏమైపోయేవారో! ఇప్పుడు ఇద్దామన్నా తీసుకోవడానికి ఆయన లేరు. ఎవరూ కొట్టుకుపోలేదండీ, ఏదీ కొట్టుకుపోలేదు. నేనే దాచాను.