ఉస్తాద్ చెవి కోసం రాయచోటి దాకా

ఆదోనిలో నా గురించి ఒక మాట ఉంది. పుస్తకం చదివి మిలిటరీ లారీని బాగుచేసిన గుమాస్తా అని. లైబ్రరీకి వచ్చే పిల్లలకు నన్ను చూపించి ఈ మాట చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది కాబట్టి ఇన్నేళ్ళూ నేను కాదనలేదు. కానీ అది నిజం కాదు. ఆ లారీని బాగుచేసింది మా మేస్త్రీ. పుస్తకం చదివి నేను చేసింది, దాన్ని విరగ్గొట్టేదాకా తీసుకుపోవడం. ఆయన బతికుండగానే ఈ సంగతి రాసి, ఆయనకు చదివి వినిపించాలని కూర్చున్నాను. పేర్లు రాయనని ఆయనకు మాట ఇచ్చాను.

నేను ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట్లో పుట్టినవాణ్ణి. ఎనిమిదో తరగతితో బడి మానేసి ఆదోనిలో ఒక పత్తి మిల్లులో తూకాల దగ్గర గుమాస్తాగా చేరాను. సాయంత్రం సైరన్ మోగితే కాళ్ళు వాటంతట అవే లైబ్రరీకి నడిచేవి. ఏది చదవాలో చెప్పేవాళ్ళు లేరు కాబట్టి బీరువాలో ఎడమ చివరి నుంచి మొదలుపెట్టాను. కోళ్ళ పెంపకం, గ్రహణాలు, రష్యా చరిత్ర, మూలికలు, అన్నీ వరసగా చదివాను. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు కూడా నేర్చుకున్నాను. ఈ విషయంలో నాకు అప్పుడూ గర్వమే, ఇప్పుడూ గర్వమే.

మేస్త్రీ నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఎమ్మిగనూరు రోడ్డులో రేకుల షెడ్డు. డెబ్బైల మధ్యలో ఆయన ఒక రాళ్ళ క్వారీలో పడి ఉన్న పాత మిలిటరీ లారీని కొన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటిది. వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలు కూడా లాగుతాయి, ముందువాటిని కలపడానికి, విడదీయడానికి వేరే ఒక లివరు ఉంటుంది. ఆయన కొన్నప్పుడు దాని తొట్టి అడుగులో నుంచి తుమ్మ చెట్టు మొలిచి ఉంది. పగలు కిరాయి పనులు చేసుకుంటూ, మిగిలిన వేళల్లో దాన్ని బోల్టు బోల్టుగా విప్పి, కడిగి, మళ్ళీ కట్టాడు. రెండేళ్ళు పట్టింది.

నా పాత్ర చిన్నది. లైబ్రరీలో మోటారు ఇంజన్ల మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. ఇంటికి ఇచ్చేవారు కాదు. నేను అక్కడే కూర్చుని తెలుగులో నోట్‌బుక్కులోకి ఎత్తి రాసుకునేవాణ్ణి. మేస్త్రీ చేతికి అలవాటైనవి డీజిలు ఇంజన్లు. ఇది ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను. ఏ ప్లగ్గు తర్వాత ఏ ప్లగ్గు మండాలో ఆయన తికమకపడుతున్నప్పుడు నా నోట్‌బుక్కు వరస చెప్పింది. వైర్లు మార్చగానే ఇంజను అందుకుంది. ఆ రోజు నుంచి ఏ పని మొదలుపెట్టినా "నీ బుక్కు ఏమంటాదప్పా?" అని అడగడం ఆయనకు అలవాటైంది. నాకు తల తిరిగిపోయింది.

బండి తయారైంది కానీ మేస్త్రీ దాన్ని బాడుగకు పెట్టడు. ఆయన పని నేర్చుకున్న చోట ఒక కట్టుబాటు ఉంది. శిష్యుడు మొదటిసారి సొంతంగా ఇంజను కడితే పని నేర్పిన ఉస్తాద్ వచ్చి వినాలి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని, ఒక్కొక్క సిలిండరూ వింటాడు. ఆయన సరే అనేదాకా బండి సంపాదనకు పోకూడదు. ఆ ఉస్తాద్ అప్పటికే షెడ్డు మూసి రాయచోటిలో కూతురి దగ్గరకు వెళ్ళిపోయాడు. పోతూ పోతూ శిష్యుడికి పనిముట్ల పెట్టె ఇచ్చి, "విప్పేది నేర్చినావు. కట్టేది నేను ఇంగా ఇనలే," అన్నాడట. ఆ మాట మేస్త్రీకి రెండేళ్ళుగా లోపల ఉంది.

శ్రావణంలో ఉస్తాద్ కూతురి నుంచి కార్డు వచ్చింది. మేస్త్రీకి తెలుగు చదవడం రాదు. నేనే చదివాను. నాన్నకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవికి కేకలు వేస్తేనే వినపడుతుంది, బండి అయి ఉంటే తొందరగా తీసుకురండి అని ఉంది.

మేస్త్రీ కార్డు తీసుకుని తిప్పి చూసి, మళ్ళీ నా చేతికిచ్చాడు. "ఎల్లుండి పోదాం. లీవు పెట్టు," అన్నాడు.

మేస్త్రీ వాళ్ళమ్మ మూటెడు జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి కట్టి ఇచ్చింది. ఇద్దరమే తెల్లవారి బయల్దేరాం. ఉరుకుంద తిరునాళ్ళ రోజులు. ఎదురొచ్చే బస్సుల మీద జనం ఈ వింత బండిని చూసి చేతులు ఊపుతున్నారు. ఆస్పరికి ఇవతల ఒక వంక దారికి అడ్డంగా పారుతూ ఉంది. రెండు లారీలు, ఒక బస్సు ఆగిపోయి ఉన్నాయి. మేస్త్రీ ముందు చక్రాల లివరు వేశాడు. మా బండి ఆ నల్లరేగడి బురదలో గేదె నడిచినట్టు నడిచి అవతలి గట్టు ఎక్కింది. ఆగిపోయిన డ్రైవర్లు ఈలలు వేశారు.

గట్టు ఎక్కాక మేస్త్రీ లివరు తీయబోయాడు. నేను ఆపాను.

"ఉండనీ అన్నా. నాలుగు చక్రాలూ లాగితే ఒక్కోదాని మీద బరువు తగ్గుతాది. అరుగుదల తక్కువ. బుక్కులో ఉండాది."

"గట్టి రోడ్డు మీద కూడానా?"

"చక్రానికి రోడ్డేం తెలుస్తాదన్నా," అన్నాను.

ఆయన ఒక క్షణం నా ముఖం చూసి లివరు మీద నుంచి చెయ్యి తీశాడు.

పత్తికొండలో బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తిన్నాం. అప్పటికే స్టీరింగు బిగుసుకుంటోంది. కొత్తగా కట్టిన బండి కదా, సర్దుకుంటుంది అన్నాను నేను. గుత్తి దారి పట్టాక మలుపుల్లో టైర్లు కీచుమంటున్నాయి. ఒక మలుపులో బండి సగం తిరిగి, రోడ్డుకు అడ్డంగా నిలబడి, ఇంజను ఆగిపోయింది. లివరు లాగితే రాలేదు. ఇద్దరం కలిసి లాగినా రాలేదు. మేస్త్రీ కిందికి దూరి గేరుబాక్సు మీద అరచెయ్యి పెట్టి, కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. బయటికి వచ్చి రాయి మీద కూర్చున్నాడు.

"గేరు పండ్లు ఇరిగినట్టుండాయి. ఈ పండ్లు యాడా దొరకవు. ఇంగ ఆదోనికి మోకు కట్టి ఈడ్చుకోని పోవల్ల."

కార్డు నా జేబులోనే ఉంది. మళ్ళీ పళ్ళు వెతికి, గేరుబాక్సు కట్టేసరికి ఎన్ని నెలలో. అప్పటికి ఆ కుడి చెవి ఉంటుందా?

ఇంతలో మా వెనక బస్సు వచ్చి ఆగింది. కండక్టరు దిగి అరుస్తున్నాడు. పక్క చేనులో నుంచి ఎద్దుల్ని తోలుకుంటూ ఒక రైతు వచ్చాడు. వాన పడితే ఆ ఎర్రనేలల్లో వజ్రాలు వెతికే జనం ఉంటారు కదా. అలా వంగి వెతుకుతున్న ఆడవాళ్ళు కూడా నడుములు పట్టుకుని లేచి వచ్చారు.

"పొద్దున్నించి ఒక రాయి దొరకలే, లారీ దొరికెనే," అంది ఒకామె.

"నువ్వే తీస్కోపో. ముక్కుకు పెట్టుకో," అన్నాడు రైతు. తర్వాత మావైపు తిరిగి, "అప్పా, నా చేన్లోకి దించుకోండి. ఇంగా ఇత్తనం ఎయ్యలే. బస్సన్నా పోనీ," అన్నాడు.

మేస్త్రీ ఇంజను మళ్ళీ స్టార్టు చేసి రివర్సు వేశాడు. కండక్టరు, బస్సులోని మగవాళ్ళు, వజ్రాల ఆడవాళ్ళు, రైతు, నేను ముందు నుంచి తోశాం. బండి మూలుగుతూ వెనక్కి జరిగి మెత్తటి దుక్కిలో దిగింది. నాలుగు చక్రాలూ తడి మట్టిలో కొంచెం కొంచెం జారాయి. అప్పుడు కింద టక్కుమని చప్పుడైంది. మేస్త్రీ లివరు మీద చెయ్యి వేశాడు. వెన్నలో నుంచి కత్తి వచ్చినట్టు వచ్చింది.

మేస్త్రీ దిగి, బండి చుట్టూ ఒకసారి నడిచాడు. "పండ్లు ఇరగలే. ముందరి చక్రాలు, ఎనక చక్రాలు ఒకదాన్నొకటి మెలేసుకున్నాయి. గట్టి రోడ్డు మీద జారేకి దావ లేక బిగుసుకున్నాయి," అన్నాడు.

రైతు నవ్వాడు. "రెండు జతల ఎద్దులు కట్టి, మలుపులో ముందరి జత ఒక కొలతకు, ఎనక జత ఇంగో కొలతకు నడిస్తే మోకు బిగుసుకోదా? అది తెలీదా మీకు?"

నాకు అప్పుడు గుర్తొచ్చింది. నాలుగు చక్రాల సంగతి రాసిన పేజీ అడుగున గీత కింద చిన్న అక్షరాల్లో నాలుగైదు లైన్లు ఉన్నాయి. లైబ్రరీ మూసే వేళైంది, చిన్న అక్షరాలు కదా, ముఖ్యం కాదనుకుని వదిలేశాను. గట్టి రోడ్డు సంగతి అక్కడే ఉండి ఉండాలి. ఆ మాట మేస్త్రీకి అక్కడే చెప్పాను. చెప్పకపోతే బండి ఎక్కే ముఖం లేదు నాకు.

తిడతాడనుకున్నాను.

"పెద్దక్షరాలు సూసి పెద్దోనివైనావా అప్పా? ఎక్కు. పొద్దు పోతాంది," అన్నాడు.

రాత్రికి తాడిపత్రిలో ఆగి, మరునాడు ముద్దనూరు, కడప దాటాం. గువ్వలచెరువు ఘాటు ఎక్కుతున్నప్పుడు నేను నోరు తెరవలేదు. "బుక్కు మూగబోయిందా?" అని మేస్త్రీ రెండుసార్లు కదిలించాడు కూడా.

రాయచోటిలో ఉస్తాద్ ఇల్లు సందులో ఉంది. బండి పట్టదు. కూతురు ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి తీసుకొచ్చింది. సన్నటి మనిషి, తెల్లగడ్డం. మేస్త్రీ ఆయన కాళ్ళకు వంగబోతే భుజం పట్టి ఆపాడు. బండి చుట్టూ తిరిగి, బోనెట్ మీద అరచెయ్యి పెట్టి, స్టార్టు చెయ్యమని సైగ చేశాడు.

ఇంజను అందుకుంది. మేస్త్రీ అందించిన పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడిని ఉస్తాద్ కుడి చెవికి ఆనించి, మొన మొదటి సిలిండరు దగ్గర పెట్టాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. వినపడలేదని తల అడ్డంగా ఊపాడు. మేస్త్రీ యాక్సిలరేటర్ పెంచాడు. ఉస్తాద్ మళ్ళీ తల ఊపాడు. మేస్త్రీ సీటులో నుంచి దిగి వచ్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. రెండేళ్ళ పని అక్కడ మోగుతూనే ఉంది.

ఉస్తాద్ స్క్రూడ్రైవర్‌ను చెవి నుంచి తీసి, చెక్కపిడిని ఒకసారి చూసి, పళ్ళ మధ్య కరిచి పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మొనను మొదటి సిలిండరు నుంచి మెల్లగా జరుపుకుంటూ పోయాడు. ఐదో దాని దగ్గర ఆగాడు. వెనక్కి వచ్చాడు. మళ్ళీ ఐదో దాని దగ్గర ఆగాడు. పిడి నోట్లో నుంచి తీసి, చెవుడు వచ్చినవాళ్ళు అరిచినట్టే అరిచాడు.

"ఐదోది. ట్యాపెట్ ఒదులు పెట్టినావ్."

మేస్త్రీ ఇంజను ఆపి, మూత తీసి, ట్యాపెట్ సందులో గేజీ రేకు పెట్టి కొలిచి చూశాడు. వెంట్రుకంత వదులు. సరిచేశాడు. ఉస్తాద్ మళ్ళీ పిడి కరిచి, ఆరూ పళ్ళతోనే విని, భుజం మీది తువ్వాలుతో పిడి తుడిచి తిరిగి ఇచ్చాడు. "కట్టినావ్ రా. బాడుగకు పో," అన్నాడు. మేస్త్రీ బండి వెనకకు వెళ్ళి టైర్లు చూస్తున్నట్టు కాసేపు అక్కడే ఉన్నాడు. నేను ఆ వైపు పోలేదు.

ఆ బండి ఎనభైలన్నీ పనిచేసింది. వానాకాలంలో బస్సులు ఆగిపోయిన చోట్ల కాన్పు మనుషుల్ని కూడా వంకలు దాటించింది.

ఇక నా కృతజ్ఞతలు. తన దుక్కిలో మా చక్రాల గాడులు పడనిచ్చిన పత్తికొండ దిక్కు రైతుకు. రాళ్ళు వెతకడం మాని మా బండి తోసిన ఆడవాళ్ళకు. వాళ్ళలో ఎవరికైనా తర్వాత వజ్రం దొరికి ఉండాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అరిచినా ముందుగా భుజం ఆనించిన కండక్టరుకు. రొట్టెలు చేసిన అమ్మకు. తలుపులు మూసే వేళ దాటినా ఎన్నో రోజులు నన్ను లేపకుండా కూర్చోనిచ్చిన లైబ్రేరియన్‌కు. తప్పు ఆయనది కాదు. నన్ను మళ్ళీ బండి ఎక్కమన్న మేస్త్రీకి. ఇప్పుడు లేని ఉస్తాద్‌కు.

అందరికంటే ఎక్కువగా ఆయన కూతురికి. ఆమె కార్డు రాయకపోతే, పత్తి సీజను అయ్యాక పోదాంలే అనుకుని ఉండేవాళ్ళం. మేం బయల్దేరేటప్పుడు ఆమె బండి దగ్గరికి వచ్చి, ఉస్తాద్ పక్కనే ఉన్నా గొంతు తగ్గించకుండా చెప్పింది.

"అన్నా, ఇంగో బండి కడితే బిరీన తీస్కరండి. అబ్బాకు ముందరి పండ్లు కూడా కదులుతాండాయి."