ఎవరూ పలకొద్దని చెప్పింది నేనే

చాలా ఏళ్లుగా ఒక పాపం మోస్తున్నాను. నాకు మంచిపేరు తెచ్చిన పాపం.

నంద్యాలలో బీఈడీ విద్యార్థులకు మనస్తత్వశాస్త్రం చెబుతాను. తాము ఆడో మగో పిల్లలకు ఎలా తెలుస్తుందన్నది అందులో ఒక పాఠం. పెద్దల మెప్పూ కోపమూ చూసి నేర్చుకుంటారని ఒక సిద్ధాంతం. లోపలినుంచే తెలుస్తుంది, పైనుంచి దాన్ని మార్చలేమని ఇంకొకటి. రెండూ నాకు కంఠతా వచ్చు.

ఆళ్లగడ్డలో మా అక్కకు ఇద్దరు మగబిడ్డలు పురిట్లోనే పోయారు. మూడోవాడైనా దక్కాలని అహోబిలం స్వామికి మొక్కుకుని వాణ్ణి ఆడపిల్లగా పెంచింది. లంగా, జడ, ముక్కుపుడక. చెంచులక్ష్మీ అని పిలుచుకునేది. ఐదో ఏట మొక్కు గడువు తీరిందని గుండు కొట్టించి, నిక్కరు తొడిగి, ఇంక నువ్వు మగపిల్లాడివన్నారు. వాడు ఒప్పుకోలేదు. లంగా కావాలని మొండికేశాడు. ఒప్పుకోడానికి వాడేమన్నా మొక్కుకున్నాడా?

అక్క భయపడి నన్ను పిలిపించింది. "సదువుకున్నదానివి, ఏం జేయల్లో నువ్వే చెప్పు మే" అంది. చిన్నప్పటినుంచీ నన్ను దేనికీ లెక్కచేయని అక్క! నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. లంగా మాట మరిచేదాకా వాడితో ఎవరూ పలకొద్దన్నాను. కొట్టొద్దు, తిట్టొద్దు, వాడు లేనట్టే ఉండండి. సెలవు పెట్టి మరీ దగ్గరుండి చేయించాను. వాడి జేజి, అక్క అత్తగారు, కళ్లొత్తుకుంటే ఆమెనూ కసిరాను.

కొన్నాళ్లకు వాడు నా దగ్గరికొచ్చి చీర కుచ్చిళ్లు పట్టుకున్నాడు.

"చిన్నమ్మా, నేను కనపడ్తాలేనా?"

నేను టీ తాగుతున్నాను. తాగుతూనే ఉన్నాను.

"నాయనకూ కనపడ్తాలే, జేజికీ కనపడ్తాలే. నేను గూడా సచ్చిపోయినానా?"

ముందు పుట్టినవాళ్ల సంగతి వాడికి తెలుసు. అప్పుడైనా పలకొచ్చు కదా, ఒక్క మాట? పలికితే అన్నాళ్లు చేయించిందంతా పాడవుతుందనుకున్నాను. లేచివెళ్లి గ్లాసు కడిగి బోర్లించి, అక్కతో "పనిచేస్తాంది" అన్నాను.

పనిచేసింది. వాడు మళ్లీ లంగా అడగలేదు. ఏదీ అడగలేదు. ఇప్పుడు మీసాలొచ్చాయి, అయినా ఆకలేస్తోందని నోరు తెరిచి చెప్పడు. ఇలాంటి పిల్లాడొకడుండేవాడని తరగతిలో గొప్పగా చెప్పుకున్నాను కూడా. విద్యార్థులు చప్పట్లు కొట్టారు.

తెలియక చేశానని అనుకోబోతాను. అబద్ధం. ఆ రెండో సిద్ధాంతం అంతకుముందే పాఠం చెప్పి బస్సెక్కాను. అది అక్క చెవిన వేస్తే నాతో ఇక పనుండదని, వేయలేదు. అంతే కారణం. ఇంకేదన్నా ఉంటే బాగుండునని ఎంత వెతికినా దొరకలేదు.

"నా కొడుకును దారికి తెచ్చింది మా చెల్లెలే" అని అక్క ఇప్పటికీ పదిమందిలో చెప్తుంది. నేను నవ్వుతాను.

ఇదంతా మీతోనే అన్నాను. కాస్త ఊపిరాడుతోంది. నాకు ఊపిరాడితే వాడికి ఒరిగేదేమీ లేదు.