డి.ఐ. అంటే ఏంది బిడ్డా

మేడ్చల్ స్టేషన్‌లో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. మే నెల. ప్లాట్‌ఫారం రాళ్ల వేడి బూట్ల లోపలికి తగిలింది. ఒక్కొక్కరికి ఒక కిట్‌బ్యాగు, రెండు దుప్పట్లు, ఒక మగ్గు, ఒక దోమతెర. తుపాకీ లేదు. నేను యుద్ధానికి పోయొచ్చానని మా వాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. "ఎందర్ని కాల్చినవ్?" అని పెళ్లిళ్లలో అడుగుతారు. ఒక్కణ్నీ కాల్చలేదు. నేను నర్సింగ్ సిపాయిని. నేను చూసిన చావులన్నీ మంచాల మీదవే.

లారీ ఎక్కించి షామీర్‌పేట వైపు తీసుకెళ్లారు. ఎర్రమట్టి దారి. రెండు పక్కలా బండలు, సీతాఫలం పొదలు. చెరువు కనబడేంత దూరంలో, మెట్ట మీద గుడారాల ఆసుపత్రి. చుట్టూ ముళ్లతీగ. ఒకటే గేటు. జపానుతో యుద్ధంలో, తూర్పు సరిహద్దులో జబ్బుపడ్డ సిపాయిలను రైల్లో మేడ్చల్ దాకా, అక్కణ్నుంచి లారీల్లో ఇక్కడికి తెచ్చేవారు. దొర ఆఫీసర్లకు పెంకుల కప్పు, పంకా లాగే మనిషి. మిగతావాళ్లకు గుడ్డ కప్పు, ఈగలు.

మాది సిద్దిపేట వైపు. మా నాయిన మిషన్ బడిలో తోటమాలి. ఆ బడిలో నాకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. అక్షరాలు వచ్చినవాణ్ని వార్డుకు, రానివాణ్ని మరుగుదొడ్లకు. మొదటి రోజు పంపకం అంతే.

మాకు చదువు చెప్పింది వార్డు హవల్దారు. వేలూరు వైపు మనిషి. అరవయాస తెలుగు, పరేడ్ గ్రౌండు గొంతు. పొద్దున డ్రిల్లు అయ్యాక స్టోరు గుడారం నీడలో నిలబెట్టి, డ్రిల్లు చేయించినట్టే మాటలు చెప్పించేవాడు.

"ఐటిస్ అంటే?"

"వాపు, సాబ్!"

"హైపర్?"

"ఎక్కువ, సాబ్!"

"హైపో?"

"తక్కువ, సాబ్!"

"చివరి అక్షరం మింగేసి పలికేవాడు?"

"హంతకుడు, సాబ్!"

తర్వాత పొట్టి అక్షరాలు. టి.డి.ఎస్. అంటే రోజుకు మూడుసార్లు. బి.డి. అంటే రెండుసార్లు. స్టాట్ అంటే ఈ క్షణమే. పి.యు.ఓ. అంటే ఎందుకొచ్చిందో తెలియని జ్వరం. ఎన్.వై.డి. అంటే రోగం ఏమిటో ఇంకా తేలలేదు. నాకు తొందరగా వచ్చేసింది. బాగుండేది కూడా. చిన్న అట్టముక్క చూసి ఒక మనిషి ఒంట్లో ఏం జరుగుతున్నదో చెప్పగలగడం ఇరవై ఏళ్లవాడికి గర్వంగానే ఉంటుంది.

ఒకరోజు అడిగాను. "సాబ్, ఇవి రోగికి చెప్పొచ్చా?"

"వద్దు. రోగి భయపడకూడదు. అందుకే పొట్టి మాటలు."

ఆ జవాబు అప్పుడు సబబుగానే తోచింది.

చివరికి రెండు జాబితాలు నేర్పాడు. ఎస్.ఐ. అంటే జబ్బు తీవ్రంగా ఉంది. డి.ఐ. అంటే ప్రాణాపాయం. కెప్టెన్ డాక్టరు ఎర్ర పెన్సిలుతో మంచం కాళ్ల దగ్గరి అట్ట మీద ఆ అక్షరాలు వేస్తాడు.

"డి.ఐ. వేస్తే?" అని అరిచాడు హవల్దారు.

"ఇంటివాళ్లకు వెంటనే తెలపాలి, సాబ్!"

"వాళ్లొస్తే?"

"ఏ వేళైనా లోపలికి రానివ్వాలి, సాబ్!"

అది ఆర్డరు. మేం కల్పించుకున్నది కాదు. ఈ మాట గుర్తుంచుకోండి.

వానాకాలం వచ్చింది. గుడారాల కింద నీళ్లు పారేవి. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టాం. దుప్పట్లు ఆరేవి కావు. ఆ రోజుల్లోనే మల్లేశం వచ్చాడు. పయనీరు కంపెనీ కూలి సిపాయి. అస్సాం అడవుల్లో రోడ్లు వేసి వేసి, టైఫాయిడ్‌తో తిరిగొచ్చాడు. స్ట్రెచర్ మీంచి తల తిప్పి చూసి, "ఇది షామీర్‌పేట గదా! గీడికెళ్లి మా కీసర పొద్దుగాల పోతె పగటాల్లకు పోవచ్చు" అన్నాడు. చేపలు పట్టే ఇంటివాడు. అస్సాం నుంచి వచ్చి, సొంత ఊరికి ఒక పూట నడకదూరంలో పడుకున్నాడు. ఒక లారీ డ్రైవరు కీసర మీదుగా పోతుంటే తల్లికి కబురు పంపించాడు.

ఆ మరునాడే నన్ను మేడ్చల్ స్టేషన్ డ్యూటీకి వేశారు. రోగుల రైలు వస్తుంది, దించాలి. వారం అక్కడే ఉన్నాను.

తిరిగొచ్చిన పొద్దున లారీ గేటు ముందు ఆగింది. ముసురు. తీగకు బయట సీతాఫలం పొద పక్కన, గొంగడి కప్పుకొని ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ఒళ్లో గుడ్డమూట. వానకు తడవకుండా దాని మీదికి వంగి కూర్చుంది. నా తెలుగు మొహం గుర్తుపట్టిందేమో, లేచి లారీ దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, నువ్వు లోపటోనివేనా? డి.ఐ. అంటే ఏంది బిడ్డా? యాడుంటది? గా పెద్ద డేరానా?"

"ఎవరు చెప్పిన్రవ్వా నీకు?"

"గేటు కాడి జవాను. నా కొడుకు మల్లేశం ఎట్లున్నడయ్యా అని అడిగితె, లిస్టు జూసి, డి.ఐ.ల ఉన్నడన్నడు. మొన్న అట్లనే అన్నడు, నిన్న అట్లనే అన్నడు. మంచిగనే చెప్పిండు పాపం, కసురుకోలే. పెద్ద దవాఖానల మంచి జాగ దొరికింది నా కొడుక్కు అనుకున్న."

లారీ దిగాను.

"అవ్వా, అది జాగ కాదు."

"మరేంది?"

"పాణం మీదికొచ్చింది అని రాసుడు."

ఆమె నా మొహం చూస్తూ ఉండిపోయింది. ఏడవలేదు. నేను ఆ తర్వాత చాలా మందికి చావు కబుర్లు చెప్పాను గానీ, అలాంటి చూపు మళ్లీ చూడలేదు.

"మూడు దినాల సంది గీ వానల కూసున్న," అన్నది. "కొడుకు సస్తున్నడని మూడు దినాల సంది చెప్తున్నరా నాకు? ఏం మనుషులు మీరు? గంత మాట చెప్పెతందుకు మీకు తెలుగు దొరకలేదా? ఉర్దూ దొరకలేదా? నాకు రెండూ సమజైతయి గదా!"

గేటు దగ్గర జవాను పంజాబీ. చెడ్డవాడు కాదు. అతనికీ ఆ అక్షరాల అర్థం తెలియదు. ఆఫీసువాళ్లు లిస్టు ఇచ్చారు, అందులో ఉన్నది చదివి చెప్పాడు.

"పాసు ఉంటేనే లోపలికి," అన్నాడు హిందుస్తానీలో.

"పాసు ఎక్కడిస్తారు?"

"ఆఫీసులో."

"ఆఫీసు ఎక్కడుంది?"

లోపలికి చెయ్యి చూపించాడు. చూపించాక అతనికే ఆ సంగతి తట్టినట్టుంది. చెయ్యి దించేశాడు.

"డి.ఐ. రోగి తల్లి. ఏ వేళైనా రానివ్వాలి. ఆర్డరు," అన్నాను. ఆమె మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిచాను. అతను ఆపలేదు.

వార్డు గుడారం ముందు హవల్దారు ఉన్నాడు. చూశాడు. పక్కకు జరిగి, గుడారం తెర తనే ఎత్తి పట్టుకున్నాడు.

వారం కింద నేను స్ట్రెచర్ మీంచి దించిన మనిషి కాదు మంచం మీద ఉన్నది. కళ్లు లోపలికి పోయాయి. పెదాలు నల్లబడ్డాయి. పేగుకు చిల్లు పడింది. తల్లి తలదగ్గర చతికిలబడింది. పేరు పెట్టి పిలిచింది. మూడోసారికి కళ్లు తెరిచాడు.

ఆమె మూట విప్పింది. జొన్నరొట్టె.

"అవ్వా, పెట్టొద్దు. పెడితే పాణానికే మోసం," అన్నాను.

"పెట్ట బిడ్డా. వాసన సూస్తడు, గంతే."

చిన్న ముక్క తుంచి అతని ముక్కు దగ్గర పట్టుకుంది. మల్లేశం చాలాసేపు వాసన చూశాడు. పెదాలు కదిలాయి. నేను వంగి విన్నాను.

"మాడ్సినవే అమ్మా."

"పొయ్యి కాడ మనసు నిలువలే కొడుకా," అన్నది ఆమె. అతను నవ్వాడు. నవ్వే, నాకు తెలుసు. చుట్టుపక్కల మంచాలవాళ్లు కూడా చూశారు.

అప్పుడు కెప్టెన్ వచ్చాడు. రౌండు వేళ. బురద కాళ్ల ముసలమ్మ, గొంగడి, నేల మీద రొట్టె. అతని మొహం ఎర్రబడింది.

"ఈ మనిషిని ఎవరు రానిచ్చారు?"

"నేను సార్. డి.ఐ. రోగి తల్లి. ఇంటివాళ్లకు తెలపాలని ఆర్డరు ఉంది."

"తెలిపాం. గేటు దగ్గర రోజూ తెలిపాం."

"డి.ఐ. అని చెప్పారు సార్. ఆమెకు అర్థం కాలేదు."

"అర్థం కావాలని ఆర్డర్లో లేదు."

ఈ మాట అతను కోపంగా అనలేదు. అదే నన్ను ఇన్నేళ్లుగా కాలుస్తున్నది. లెక్క సరిపోయిందన్నట్టు మామూలుగా అన్నాడు.

"లోపలికి రానివ్వాలని కూడా ఉంది సార్."

"పాసు అడిగితే ఇచ్చేవాళ్లం. ఆమె అడగలేదు."

ఏం చెప్పమంటారు? ప్రతి అక్షరం నిజమే. ఎవరూ ఆమెను పొమ్మనలేదు. ఎవరూ ఆమెకు అబద్ధం చెప్పలేదు. చట్టం ప్రకారం తెలియజేశారు, చట్టం ప్రకారం వానలో కూర్చోబెట్టారు. పెంకుల వార్డులో ఒక దొరకు అంతకు ముందు నెల ఇవే రెండక్షరాలు పడ్డప్పుడు, అతని భార్యను సికింద్రాబాదు నుంచి మోటారు పంపించి తీసుకొచ్చారు. మంచం పక్కన కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. ఆమెను పాసు ఎవరూ అడగలేదు. ఆ కుర్చీ మోసింది నేనే.

ఆమెను బయటికి పంపించమన్నాడు. నేను కదల్లేదు. ఇద్దరు ఆర్డర్లీలను పిలిచాడు. వాళ్లు తీసుకెళ్లారు.

మల్లేశం ఆ సాయంత్రం పోయాడు. కెప్టెన్ అట్ట మీద వేళ వేసి వెళ్లిపోయాడు. హవల్దారు తన టోపీ తీసి చేత్తో పట్టుకుని, వానలో గేటు దాకా నడిచాడు. నేను వెనకాల నిలబడి విన్నాను.

"అమ్మా," అన్నాడు, పరేడ్ గొంతు కాకుండా. "నీ కొడుకు చనిపోయాడు. ఇప్పుడే. నేను దగ్గరే ఉన్నాను. నొప్పి అప్పటికి లేదు."

పూర్తి వాక్యాలు. వచ్చీరాని తెలుగులో. అంతకంటే పెద్ద చదువు నాకు ఆ ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు.

అంటురోగం గనక శవం ఇవ్వలేదు. చెరువు వైపు మెట్ట మీద కాల్చాం. తడిసిన కట్టెలు అంటుకోలేదు, కిరసనాయిలు పోశాం. ఆమె వచ్చి నిలబడింది. అది తీగకు అవతల. అక్కడ పాసు అక్కర్లేదు.

నాకు శిక్ష పడింది. పాసు లేని మనిషిని తెచ్చినందుకు, పై అధికారికి ఎదురు చెప్పినందుకు. రాళ్లు నింపిన కిట్‌బ్యాగు వీపున వేసుకొని మైదానం చుట్టూ పరుగు, వారం రోజులు. చేతి మీద అప్పుడప్పుడే కుట్టిన లాన్స్ నాయక్ పట్టీ పీకేశారు. రెండో రోజు హవల్దారు పక్కనే పరుగెత్తుతూ, కేకలు వేస్తున్నట్టు నటిస్తూ అన్నాడు: "ఆ ఆర్డరు నేర్పింది నేను. శిక్ష నీకు. కాలు పైకెత్తు." మూడో రోజు నుంచి కిట్‌బ్యాగులో రాళ్లకు బదులు గడ్డి నింపి ఇచ్చాడు.

యుద్ధం అయిపోయింది. గుడారాలు విప్పి, మడిచి, లారీల్లో వేశాం. మేడ్చల్‌లో రైలెక్కి ఇంటికొచ్చాను. మా అమ్మ తలుపు దగ్గరే నా మొహం పట్టుకుని, "మంచిగున్నవా కొడుకా?" అన్నది. కిట్‌బ్యాగు దించి, ముందు ఆమెను గడప మీద కూర్చోబెట్టాను.

ఆ తర్వాత ఒక మిషన్ దవాఖానలో కాంపౌండరుగా ముప్పై ఏళ్లు పనిచేశాను. పొట్టి అక్షరాలు మాలో మేం వాడుకున్నాం, తప్పదు. కానీ రోగి ఇంటివాళ్ల ముందు ఎవరైనా ఇంగ్లీషు అక్షరాలు వల్లిస్తే మాత్రం, కుర్ర డాక్టరైనా పెద్ద డాక్టరైనా, నేను ఊరుకోలేదు. "ఈయనకు తలతిక్క" అని నా వెనకాల అనుకునేవారు. అనుకోనీ.

యుద్ధంలో ఏం చూశావని అడుగుతారు గదా. ఇదీ నేను చూసింది. ఆ పొద్దున ఆర్డర్లీలు ఆమెను వార్డులోంచి తీసుకుపోతుంటే, ఆమె వెనక్కి తిరగలేదు. మొహం కొడుకు వైపే పెట్టి, వెనక్కి వెనక్కి నడిచింది. గుడారం తెర వేశాక కూడా అలాగే నడిచింది. తాళ్లకు కాళ్లు తట్టుకున్నాయి. మేకు తగిలి బురదలో పడింది. లేచింది. ఆ మూసిన తెర మీది నుంచి చూపు తీయకుండా, గేటు దాకా, వానలో, వెనక్కి వెనక్కి.