నేను కొట్టిన చెయ్యి

మొన్న మంగళవారం మనవడికి గొంతు నొప్పి, జ్వరం వస్తే తిరుపతిలో చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాం. ఆయన టార్చిలైటు వేసి వాడి చేత 'ఆ' అనిపించి, టాన్సిల్స్ మీద తెల్లటి పొర ఉందని దూదిపుల్లతో తుడిచి పరీక్షకు పంపారు. వాడి తల్లి, అంటే మా అమ్మాయి, వాడి నోట్లోకి చూస్తుంటే నేను మాత్రం వాడి వేళ్ళు కుదురుగా ఉన్నాయా లేదా అని చూస్తూ కూర్చున్నాను. గొంతు నొప్పికి వేళ్ళు చూడడమేమిటని మీకు అనిపించవచ్చు. నా వయసు వాళ్ళలో కొందరికైనా నా భయం అర్థమవుతుందనే ఇది రాస్తున్నాను.

అప్పట్లో నేను వడమాలపేట దగ్గర ఒక చిన్న బడిలో టీచరుని. మా అమ్మాయి నా దగ్గరే మూడో తరగతి చదివేది. టీచరమ్మ కూతురని ఎవరూ వేలెత్తి చూపకూడదని దాన్ని అందరికంటే ఒక దెబ్బ ఎక్కువే కొట్టేదాన్ని. దాన్నే నిజాయితీ అనుకునేదాన్ని.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో దానికి జ్వరం వచ్చింది. ఉమ్మి మింగడానికి కూడా ఏడ్చేది, చెవిపోటని చెయ్యి అడ్డం పెట్టుకుని పడుకునేది. మా అత్తమ్మ దాని నోరు తెరిపించి చూసి, "కొండనాలిక జారిండాది, అంతేమే. దీనికి సూదులూ మాత్రలూ దేనికి?" అని తేల్చేసింది. నడినెత్తిన నాలుగు వెంట్రుకలు వేలికి చుట్టుకుని టప్పుమనేలా పైకి లాగడం, ఉప్పూ మిరియాల పొడీ బొటనవేలికి అద్దుకుని గొంతులో నొక్కడం, ఇదీ వైద్యం. నాలుగు రోజులకు జ్వరం దానంతటదే తగ్గితే అందరం ఆవిడ హస్తవాసిని మెచ్చుకున్నాం. ఆవిడను తప్పుపట్టను, చదువుకున్న నేనూ నమ్మాను కదా.

దసరా సెలవుల తర్వాత బడి తెరిచేసరికి పిల్ల మారిపోయింది. గుండ్రటి దస్తూరీ కాస్తా కోడి కెలికినట్టయింది. చేతిలో పలక జారేది, ఊరికే మూతి వంకర తిప్పేది, ఉన్నట్టుండి ఏడ్చేది. నేను పాఠం చెబుతుంటే నన్నే వెక్కిరిస్తోందని ఒకరోజు పిల్లలు నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యి చాపమని స్కేలుతో కొట్టాను. చాపిన చెయ్యి నిలవకుండా పక్కకు పోతుంటే తప్పించుకుంటోందనుకుని ఇంకా గట్టిగా కొట్టాను. "నేను కావాలని చేయలేదు మా, చెయ్యే అట్ల పోతా ఉండాది" అని అది ఏడుస్తూ అన్న మాట తరగతంతా విన్నది, నేను వినలేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున అన్నం ముద్ద దాని నోటికి చేరకుండా చెంపకు తగిలింది. అప్పుడు పట్టుకుంది భయం. మా ఆయనా నేనూ దాన్ని తీసుకుని తిరుపతి బస్సెక్కాం. కాళ్ళూ చేతులూ ఎగరేస్తూనే ఉన్న పిల్ల రేణిగుంట దాటాక నా ఒళ్ళో నిద్రపోయి ఒక్కసారిగా నిశ్చలమైపోయింది. అది చూసి నాకు ఇంకా భయమేసి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాను.

పిల్లల డాక్టరు తన రెండు వేళ్ళు దాని పిడికిట్లో పెట్టి గట్టిగా పట్టుకోమన్నారు. పాలు పితికినట్టు ఆ పట్టు బిగుస్తోంది, వదులవుతోంది. "మూడు నాలుగు నెలల కింద గొంతు నొప్పి వచ్చిండెనామ్మా?" అని అడిగారు. గొంతులో క్రిమిని చంపాల్సిన ఒంటి శక్తే పొరబడి మెదడు మీదికీ గుండె కవాటాల మీదికీ తిరగబడిందని, ఇది అల్లరి కాదని చెప్పారు. చేతుల అదురు కొన్ని నెలల్లో పోతుందట. గుండెలో సన్నగా ఒక చప్పుడు వినిపిస్తోందట, అది పోతుందో ఉంటుందో చెప్పలేరట. మళ్ళీ గొంతు నొప్పి రాకుండా మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది, ఏళ్ళ తరబడి. టాన్సిల్స్ తీయించేస్తే సరిపోదా అన్నాను. తీసినా సూది తప్పదన్నారు.

ఆ ఏళ్ళన్నీ అది తుమ్మినా దగ్గినా నా పై ప్రాణాలు పైనే పోయేవి. ఆదివారం మధ్యాహ్నం అది పడుకుంటే ఎద మీద చెవి ఆనించి, నాకేమీ తెలియకపోయినా వినేదాన్ని. అత్తమ్మ కాణిపాకానికి మొక్కుకుంది; నేను సూదీ మాననివ్వలేదు, మొక్కూ మాననివ్వలేదు. చివరికి ఆ చప్పుడు పోయింది, సూదులూ ఆగాయి. ఆనాటి దెబ్బల గురించి ఎప్పుడైనా ఎత్తితే "నాకు గుర్తులేదులే మా" అంటుంది. నా కోసం అంటుందని తెలుసు.

మనవడి పరీక్షలో ఆ క్రిమే ఉందని తేలింది, పది రోజుల మందు రాశారు, జ్వరం తగ్గినా ఆపొద్దన్నారు. ఇప్పటి తల్లులకు ఈ సంగతులు తెలుస్తున్నాయి, బళ్ళలో స్కేలు దెబ్బలూ తగ్గాయి, సంతోషమే. కానీ మా అమ్మాయికి ఆ జబ్బు రావడానికి రెండేళ్ళ ముందు నా తరగతిలో ఒక కూలివాళ్ళ పిల్ల ఉండేది. అదీ పలక జార్చేది, మూతి తిప్పేది. గోడకుర్చీ వేయించేదాన్ని. కొన్నాళ్ళకు బడికి రావడం మానేసింది, ఎందుకని నేను అడగలేదు. అది అల్లరి కాదు, జబ్బని తెలిశాక కూడా వెళ్ళి అడగలేదు. నా బిడ్డ కాబట్టి బస్సెక్కాను. ఆ పిల్ల ఏమైందో నాకు ఈనాటికీ తెలియదు.