అతుకు పెట్టిన అక్షరం

వంద చిలుకల్లో కలిపేసినా సరే, సక్కుబాయి చేతి చిలుకను నిర్మల్‌లో ఎవరైనా గుర్తుపడతారు. ఆమె దిద్దే కన్ను అలా ఉంటుంది మరి! భర్త భూమన్న పొనికి కర్రను చెక్కి, రెక్కా ముక్కూ అతికిస్తాడు. అతుకులు కనబడకుండా లప్పం ముద్ద మెత్తి, నున్నగా రుద్ది, రంగులేసేది ఆమె. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి, నాలుగేళ్ల కిందట ఇన్‌స్టాలో పేజీ తెరిచి, రంగులేసే వీడియోలు పెట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు పదకొండు వేల మంది చూస్తున్నారు. బొమ్మలన్నీ ఆ పేజీ మీదే అమ్ముడుపోతున్నాయి. గంప పట్టుకుని దుకాణాల ముందు నిలబడే రోజులు పోయాయి.

ఆ పేజీకే ఒక పొద్దున ఎవరో ఎసరు పెట్టారు.

“మీ చిలుక వేరొకరి డిజైన్‌కు నకలు అని ఫిర్యాదు అందింది. ఇరవై నాలుగు గంటల్లో కింది లింకులో పాస్‌వర్డ్ ఇవ్వండి. లేనిచో మీ పేజీ శాశ్వతంగా తొలగించబడుతుంది.” మెసేజ్ పైన ఇన్‌స్టా కంపెనీ గుర్తు, ఇంగ్లీషు అక్షరాల్లో పేరు కూడా ఉన్నాయి.

భూమన్న ఉలి పక్కన పెట్టి ఫోన్‌లోకి తొంగిచూశాడు.

“గిదేం లొల్లే సక్కూ! నిర్మల్ల చిలుకలన్నీ ఒక్క తీరుగనే ఉంటయి గద! ఎవడో కేసు వెట్టిండు. జల్ది నొక్కు, లేకుంటే పేజీ వోతది.”

తాతల నాటి నుంచి ఊరంతా అదే చిలుక చేస్తోంది. నకలు కాదని ఎవరికి చెప్పుకోవాలి? సక్కుబాయి వేలు లింకు దాకా వెళ్లి ఆగింది.

“ఆగుండ్రి జర. లప్పం ఆరకముందే రంగెయ్యమన్నట్టు, గింత తొందరెందుకు వెడ్తుండు వీడు?”

“నువ్వాగుతవ్, గడియారం ఆగుతదా?”

ఇంగ్లీషు చదవడం ఆమెకు అంతంతమాత్రమే. ఆకారాలు చూడడంలో మాత్రం తిరుగులేదు. మెసేజ్ పైనున్న పేరును స్క్రీన్‌షాట్ తీసి, పెద్దది చేసింది. భర్త ఫోన్‌లో అసలు యాప్ బొమ్మ కిందున్న పేరు తీసి, పక్కన పెట్టుకుంది. జత చిలుకల్ని పోల్చినట్టు ఒక్కో అక్షరమే చూసుకుంటూ పోయింది. చివరి అక్షరం దగ్గర కనుబొమ్మ లేచింది.

“ఇటు చూడుండ్రి. మీ ఫోన్ల ఎమ్ము ఒక్కటే ముక్క. గీ ఎమ్ము రెండు ముక్కలు. నడుమ సందు గూడ ఉన్నది. అతుకు!”

భూమన్న కళ్లజోడు సవరించుకున్నాడు. నిజమే! అక్కడ ‘ఎం’ లేనే లేదు. చిన్న ‘ఆర్’ పక్కన చిన్న ‘ఎన్’ ఆనించి, ‘ఎం’లా కనిపించేట్టు కూర్చారు.

“ఓర్నీ! లప్పం గూడ వెయ్యలే దొంగలు!”

సెట్టింగ్స్‌లో కంపెనీ పంపిన మెయిళ్లు కనిపించే చోట కూడా వెతికింది. ఫిర్యాదు ఊసే లేదు. ఇంతలో ఇంకో మెసేజ్. “త్వరపడండి మేడమ్, రెండు గంటలే ఉన్నాయి.”

“ఇరవై నాలుగన్నోడు గప్పుడే రెండుకు దిగిండు,” అని సక్కుబాయి పకపకా నవ్వి, జవాబు కొట్టింది: “నా చిలుకను నకలంటివి. నీ ఎమ్ముకు అతుకు కనవడుతుంది బిడ్డా. లప్పం వెట్టుడు నేర్చుకుంటనంటే నిర్మల్‌కు రా.”

రిపోర్ట్ కొట్టింది. బ్లాక్ చేసింది.

మర్నాడు గడువు దాటాక భూమన్న భయంభయంగా పేజీ తెరిచాడు. ఒక్క చిలుకా ఎగిరిపోలేదు. పైన కొత్త వీడియో ఒకటి! పలక మీద రెండు ‘ఎం’లు రంగుల్లో గీసి, “గీండ్ల అతుకేదో చెప్పుండ్రి!” అంటోంది సక్కుబాయి.

అప్పుడే పక్కవాడలో బొమ్మలు చేసే కొండల్ ఫోన్ పట్టుకుని ఉరికొచ్చాడు.

“వదినా, నాకు గూడ గసొంటి మెసేజే వచ్చింది! నొక్కబోతుంటే నీ వీడియో కనవడ్డది.”

“నొక్కినవా?”

“నొక్కలే!”

“అయితే నీ చిలుకలు గూడ బతికినయి, పో,” అని సక్కుబాయి మళ్లీ కుంచె అందుకుంది.