ఫుటింగులు తడిపిన వేసవి

అక్క తాడేపల్లిగూడెంలో హైస్కూలు టీచరుగా చేసేది. నేను ఏలూరులో ఆఫీసు ఉద్యోగం. పెళ్ళిళ్ళయ్యాక మేమిద్దరం తీరిగ్గా కలిసున్నదే లేదు. అందుకే ఏలూరు శివార్లలో, కొల్లేటి వైపు వెళ్ళే రోడ్డులో కలిసి స్థలం కొన్నాం. కింద నేను, పైన అక్క.

నల్లమట్టి నేల అది. నిండు వేసవిలోనూ పునాది గోతుల్లో నీరు ఊరింది. మోటారు పెట్టి తోడించి, పిల్లర్ల అడుగున కాంక్రీటు ఫుటింగులు పోయించాం. వారం కాకుండానే మేస్త్రీ వచ్చాడు.

"రాయిలా అయిపోయిందండీ. వానలు రాకముందే పిల్లర్లు లేపి గోడలు మొదలెట్టేద్దామండీ."

ఇంజనీరు గారు ఒప్పుకోలేదు. "పైకి గట్టిగానే కనిపిస్తుందండీ. లోపల బలం నిదానంగా వస్తుంది. పూర్తిగా రావాలంటే ఇరవై ఎనిమిది రోజులు. రెండంతస్తులు మోయాలి కదండీ, తొందరపడొద్దు. తడి మాత్రం ఆరనివ్వకండి" అన్నారు. అదే కాంక్రీటుతో పోసిన దిమ్మల్ని ల్యాబులో పరీక్ష చేయించాకే పై పని అన్నారు.

"నాకు సెలవులేగా, నీళ్ళు నేను పడతాను" అంది అక్క.

రోజూ పొద్దున్నే రైలెక్కి వచ్చేసేది. ఫుటింగుల మీద గోనెసంచులు కప్పి, గొట్టంతో తడుపుతూ ఉండేది. సాయంత్రం నేను ఆఫీసు నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళేదాన్ని. ఇటుకల మీద కూర్చుని, తను తెచ్చిన మినపరొట్టె తినేవాళ్ళం. చేపల చెరువుల మీంచి చల్లగాలి వచ్చేది.

"మెట్లు ఇంటి లోపల్నుంచే పెట్టిద్దామే. పొద్దున్నే కాఫీకి దిగొచ్చేస్తాను."

"మరి బావగారికో?"

"ఆయన కాఫీ ఆయన కలుపుకుంటారులే."

ఇద్దరం నవ్వుకున్నాం. పని ఆగిపోయిందని మేస్త్రీ విసుక్కునేవాడు గానీ, నాకు మాత్రం ఆ రోజులు ఇంకా సాగితే బాగుండుననిపించేది.

దిమ్మల పరీక్ష బాగానే వచ్చింది. పిల్లర్లు లేచాయి. కింది స్లాబు పడేలోపే బావగారికి విశాఖపట్నం బదిలీ అయింది. "రెండేళ్ళే కదే, వచ్చేస్తాం" అంది అక్క. తనూ ఉద్యోగం మానేసి వెళ్ళింది. వాళ్ళ పిల్ల చదువు అక్కడే కుదిరింది, తర్వాత అక్కడే ఫ్లాటు కొనుక్కున్నారు. పై అంతస్తు వేయలేదు.

మొన్న పెంటపాడులో పెళ్ళికొచ్చి అక్క ఒక్క రాత్రి మా ఇంట్లో ఉంది. డాబా మీద చాలాసేపు అటూ ఇటూ నడిచింది.

"ఇంకో అంతస్తు ఇప్పటికీ మోస్తుందంటావా?" అనడిగింది.

"మోస్తుందక్కా. దానికేగా అంత ఆగాం."

తను నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రమ్మని నేను అడగలేకపోయాను.

మర్నాడు స్టేషన్లో రైలెక్కించి, అటునుంచటే ఆఫీసుకెళ్ళాను. ఆ రోజు పనేం చేశానో నాకు గుర్తు లేదు.